యేసమ్మ గీసిన వీపులు

పొద్దున్నే ముఖం కడుక్కొని, పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టకముందే గుండీల డబ్బా తెరవడం యేసమ్మకు అలవాటు. ఒకప్పుడు బిస్కెట్లు వచ్చిన రేకు డబ్బా అది. మూత మీది బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. లోపల నలభైకి తక్కువ కాకుండా గుండీలుంటాయి, ఏ రెండూ ఒక తీరువి కావు. ఒక్కో గుండీ ఒక్కో మనిషి. ముత్యంలాంటి తెల్లది పాలు పోసే బయ్యమ్మ. నాలుగు బొక్కల నల్లది చర్చిగుడి కాపలాదారు బర్నబాస్. అంచు విరిగిన ఎర్రది పుస్తకాల అంగడి మునిస్వామి. యేసమ్మ చాప మీద కూర్చొని, ఒక గుండీని వేళ్ళ మధ్య పట్టుకొని, ఆ మనిషి పేరు దేవుని ముందర చెప్పి, వాళ్ళకు ఆ పూట ఏం కావాలో అడిగి, దాన్ని మూతలో వేస్తుంది. బయ్యమ్మకు మోకాళ్ళు. బర్నబాస్‌కు దగ్గు. మునిస్వామి కొలిచే దేవుడు వేరు, అయినా ఆయన కూతురి కాన్పు సుఖంగా జరగాలని అడగడానికి యేసమ్మకు ఏ అడ్డమూ కనబడలేదు. డబ్బా ఖాళీ అయితే ప్రార్థన అయినట్టు. అప్పుడు కాఫీ.

ఆ గుండీల్లో ఒకటి ఆకుపచ్చది. దాన్నీ తీస్తుంది, పట్టుకుంటుంది. పేరు మాత్రం నోటికి రాదు. ఊరికే మూతలో వేసేస్తుంది. అది క్యాథరిన్ గుండీ. పంతొమ్మిదేళ్ళుగా అది ఒక్క మాట లేకుండానే డబ్బాలోంచి మూతలోకీ, మూతలోంచి డబ్బాలోకీ మారుతూ ఉంది.

యేసమ్మది మదనపల్లె. ఏడో తరగతితో బడి మానేసి, పద్దెనిమిదో ఏట ఒక మిషన్ ఆసుపత్రి కుట్టుగదిలో చేరి, అరవై నిండాక దిగిపోయింది. రోగుల దుప్పట్లకు అంచులు, ఆపరేషన్ గదికి పచ్చ గౌన్లు, పసిబిడ్డలకు చొక్కాలు, ఇవి ఆ గదిలో అందరూ కుట్టేవే. క్రాసు కుట్టు మాత్రం ఇద్దరికే వచ్చు. యేసమ్మకు, ఆమె దగ్గర నేర్చుకున్న క్యాథరిన్‌కు. ఆ కుట్టుకు మ్యాటీ గుడ్డ కావాలి, అంటే గళ్ళు గళ్ళుగా నేసిన గుడ్డ. ముందు గ్రాఫ్ కాగితం మీద బొమ్మ వేసుకుంటారు. కాగితంలో ఏ గడిలో ఏ రంగు ఉంటే, గుడ్డలో ఆ గడిలో ఆ రంగు దారంతో ఇంటూ గుర్తులాగా కుట్టు వేసుకుంటూ పోవాలి. దగ్గరనుంచి చూస్తే అన్నీ గడులే. నాలుగడుగులు వెనక్కి వేస్తే పువ్వు, నెమలి, మనిషి. దానికి నియమం ఒకటే. గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడిమి గడి కనుక్కోవాలి. ఎప్పుడు ఎంచినా అక్కడినుంచే ఎంచుకుంటూ రావాలి.

గుడికి నూరేళ్ళు నిండిన ఏడు ప్రసంగపీఠానికి కొత్త గుడ్డ కుట్టే పని వాళ్ళిద్దరికీ అప్పగించారు. నడుమ గొర్రెపిల్ల, చుట్టూ ద్రాక్షతీగ, అడుగున ఒక వాక్యం. పెద్దది కాబట్టి రెండు సగాలుగా కుట్టి నడుమ కలపాలనుకున్నారు. కుడిసగం యేసమ్మది, ఎడమసగం క్యాథరిన్‌ది. నాలుగు నెలలు ఒకే కిటికీ కింద, ఒకరి మోకాలు ఒకరికి తగిలేటట్టు కూర్చొని కుట్టారు. పండుగ ఇంకా పది రోజులుందనగా రెండు సగాలనూ పక్కపక్కన పరిచారు. పైన తీగ కలిసింది. గొర్రెపిల్ల చెవులు కలిశాయి. మెడ దగ్గరనుంచి కిందికి అంతా ఒక గడి తేడా.

"ఎవురిది తప్పు?" అని అడిగింది కుట్టుగదిని నడిపే పెద్దమ్మ.

ఇద్దరూ పలకలేదు. యేసమ్మకు పాతికేళ్ళ అనుభవం, క్యాథరిన్ ఆమె శిష్యురాలు. కాబట్టి ఎవరూ ఎంచి చూడలేదు. క్యాథరిన్ సగాన్ని మెడనుంచి విప్పేశారు. తిరిగి కుట్టడానికి యేసమ్మనే కూర్చోబెట్టారు. కుడిసగాన్ని చూసి ఎడమసగం కుడుతూ, రెండోరోజు ఎందుకో అనుమానం వచ్చి గ్రాఫ్ తీసి నడుమనుంచి ఎంచింది. తప్పు తనది. ఒకరోజు తొందరపడి తీగ అంచునుంచి ఎంచుకొచ్చి మెడలో ఒక వరస మింగేసింది. ఆ సంగతి చెప్పడానికి లేచి నిలబడింది కూడా. పెద్దమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. మళ్ళీ కూర్చుంది. సరిగ్గా ఉండిన ఎడమసగాన్ని తన తప్పు సగానికి జోడుగా కుట్టి ముగించింది. పండుగ బాగా జరిగింది. ఆ గొర్రెపిల్లకు మెడ ఇప్పటికీ ఒక వరస పొట్టి. గుడిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ముందు వరసలో కూర్చునే యేసమ్మ మాత్రం ప్రతి ఆదివారం దాన్ని చూస్తూనే ఉంది.

క్యాథరిన్‌ను దుప్పట్ల అంచులకు మార్చారు. రెండు నెలలకు ఆమె కుప్పంలో ఏదో పని చూసుకొని వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు కుట్టుగది గడప దగ్గర నిలబడి "పోయొస్తానక్కా" అంది. యేసమ్మ సూదికి దారం ఎక్కిస్తోంది. తల ఎత్తకుండానే "సరేమ్మా" అంది.

ఆ గ్రాఫ్ కాగితం పారేయలేదు. గుండీల డబ్బా అడుగున మడిచి పెట్టింది.

ఇక ఆట సంగతి.

పుంగనూరు పిల్ల అర్చన, మదనపల్లె పక్కనే ఉన్న అంగళ్ళు అనే ఊరి కాలేజీలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ యేసమ్మ ఇంటి ముందుగదిలో అద్దెకుండేది. బయ్యమ్మ పాలు ఆలస్యం చేసిన రోజు ఆ పిల్లకు కాఫీ దక్కాలని యేసమ్మ తన వంతు పాలు లేని వరక్కాఫీ తాగేది. చదువయ్యాక అర్చన పుంగనూరులో ఒక బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పే పనిలో చేరింది. ఆమెతో చదివిన రాజేంద్రది కుప్పం. ఇంట్లో కూర్చొనే బెంగుళూరు కంపెనీకి పని చేస్తాడు. వాళ్ళిద్దరూ సెలవు రోజుల్లో ఒక వీడియో ఆట తయారుచేస్తున్నారు. పాతకాలపు తీరు ఆట, బొమ్మలు గడులు గడులుగా కనబడతాయి, మనుషులు మాట్లాడితే మాటలు కింద ఒక పెట్టెలో పడతాయి. కథా మాటలూ అర్చనవి, ఆటను నడిపించే పని రాజేంద్రది. పేరు 'ఎండేరు'. ఏడు ఊళ్ళ పక్కన పారిన ఏరు ఒకనాడు పొద్దునకల్లా మాయమైపోతుంది. మునీశ్వరి అనే పిల్ల చంకన బిందె పెట్టుకొని, ఆ ఏరు ఎక్కడ దాక్కుందో వెతుకుతూ ఇసుకలో పైకి నడుస్తుంది. దారిలో కాకులు, తేళ్ళు, సుడిగాలులు అడ్డం వస్తాయి. వాటితో వంతులవారీగా పోరాడాలి. ఒంట్లో సత్తువ అయిపోతే ఆట అయిపోయినట్టే. అందుకని ప్రతి ఊరిలో ఒక మందులమ్మ ఉంటుంది. ఆమె అంబలి పోసి సత్తువ తెప్పించి, లేచి ముందర నడిచి, ఊరి చివర దాకా దోవ చూపిస్తుంది.

బొమ్మలు వేసే స్నేహితుడు బెంగుళూరులో ఉద్యోగం దొరకడంతో తప్పుకున్నాడు. అప్పుడు అర్చనకు యేసమ్మ గ్రాఫ్ పుస్తకాలు గుర్తొచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం సంచినిండా టమాటాలు తీసుకొని దిగింది.

"అత్తా, నువ్వు గడుల్లో బొమ్మలేస్తావు గదా. మాకూ గడుల్లోనే కావల్ల."

"గుడ్డ ఎంత పొడుగుండాది?"

"గుడ్డ కాదత్తా. కంప్యూటర్లో."

"కంప్యూటర్లో కుట్టేదెట్లమ్మా?"

అర్చన ఫోను తీసి ఒక బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. యేసమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది.

"ఇది క్రాసు కుట్టే గదే. ఇంటూ గుర్తులు లేవు, అంతే."

మరుసటి రోజు మునిస్వామి అంగట్లో చిన్నగడుల గ్రాఫ్ పుస్తకం కొంది. ఆమెకు పెద్దగడులవి చూడడానికి వీలుగా ఉంటాయని ఆయన అవే చూపించాడు. వద్దంది. వారంలోగా పది చిన్నగడుల పుస్తకాలు తెప్పించి, అడక్కుండానే ఆమె కోసం పక్కన పెట్టాడు.

రాజేంద్ర ఫోనులో కొలతలు చెప్పాడు. మనిషికి అడ్డం పదహారు గడులు, నిలువు ఇరవై నాలుగు. రంగులు మొత్తం పదహారు, అంతకు మించి వాడకూడదు. రంగుల దగ్గర యేసమ్మకు కష్టం కలగలేదు. కుట్టుగదిలో కూడా ఎవరో ఇచ్చిన దారాలతోనే నెగ్గుకొచ్చేవాళ్ళు, లేని రంగు అడిగేదే లేదు. గడుల దగ్గరే తకరారు వచ్చింది.

"పదహారయితే నడిమి గడి యాడుంటాది నాయనా? పదిహేడు పెట్టు."

"పదిహేడుకు కంప్యూటరు ఒప్పుకోదమ్మా."

"యాల ఒప్పుకోదు? దానికి నడుము లేదా?"

రాజేంద్ర నవ్వి ఫోను పెట్టేశాడు. యేసమ్మ అలవాటు కొద్దీ పదిహేడు గడుల్లోనే నలభై మందిని గీసి పంపింది. గ్రాఫ్ కాగితాలను ఫోటోలు తీస్తే అర్చన వాటిని కంప్యూటరు గడుల్లోకి ఎక్కించింది. రెండు రోజులకు రాజేంద్ర ఫోను చేశాడు.

"అమ్మా, ఏడు ఊర్లలో ఒక్కరికీ ఎడమచెయ్యి లేదు."

"గీసినానే!"

"పదిహేడో గడి తెగిపోయిండాది."

నలభై మందినీ తిరిగి గీసింది. పదహారులో నడుమ అనేది లేదు కాబట్టి ముక్కును ఒక గడి పక్కకు జరపవలసి వచ్చింది. దాంతో ఎండేరు జనమంతా ముఖం కొంచెం పక్కకు తిప్పి, ఎవరో చెప్పేది వింటున్నట్టు తయారయ్యారు. అర్చనకు అది నచ్చింది. అలాగే ఉండనిమ్మంది.

తరువాత వచ్చిన ఫోను ఇంకొకటి.

"అమ్మా, మనుషులు బాగుండారు. ఈపులు ఏవీ?"

"ఏం ఈపులు?"

"తెర మీద పైకి నడిచేటప్పుడు ఈపు కనబడల్ల గదా. పక్కకు తిరిగితే పక్క కనబడల్ల. నువ్వు అందరినీ ముందరనించే గీసినావు. మునీశ్వరి మన పక్క సూస్తానే యెనక్కి యెనక్కి నడుస్తాండాది."

యేసమ్మ ఫోను పట్టుకొనే లెక్క వేసుకుంది. ముప్పై, నలభై ఏళ్ళలో ఎన్ని బొమ్మలు కుట్టిందో. గొల్లవాళ్ళు, జ్ఞానులు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు. ఒక్కరికీ వీపు కుట్టలేదు. గుడ్డకు వెనకాల ముళ్ళూ దారపు కొసలే ఉంటాయి, మనిషి వెనక ఉండడు. పక్కనుంచి గీయడం ఎలాగో తెలుసు. వీపులు తెలియవు.

ఆ ఆదివారం ఆమె గుడిలో ముందు వరస వదిలి చిట్టచివర చాప అంచున కూర్చుంది. ఆ గుడిలో ఎవరి చోటు వాళ్ళది. ముప్పై ఏళ్ళుగా కూర్చునే చోట మనిషి లేకపోతే అందరికీ తెలిసిపోతుంది. ఆరాధన అయ్యాక బర్నబాస్ చాపలు చుట్టుకుంటూ వచ్చాడు.

"యాలమ్మా యెనక్కి పోయినావు? పాస్టరయ్యగారు ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదప్పా."

"మరి? అప్పుడే ముగ్గురు అడిగినారు. నువ్వు అలిగినావంట."

"ఈపులు సూసేదానికి పోయినాను."

బర్నబాస్ చాప సగంలో ఆపి చూశాడు. ఆమె ఎండేరు సంగతి మొదలునుంచి చెప్పింది. ఆయన నవ్వలేదు. మరుసటి ఆదివారం చివరి వరసలో, గోడకు వీపు ఆనేచోట, ఆమె మోకాళ్ళ కోసం ఒక కుర్చీ వేసి ఉంది.

మొదట అన్ని వీపులూ ఒకటిగానే కనబడ్డాయి. ఆడవాళ్ళందరూ తలమీద కొంగు వేసుకునేవాళ్ళే. రెండు మూడు వారాలకు తేడాలు తెలిశాయి. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళకు ఒక భుజం పైకి ఉంటుంది. నెత్తిన బరువు మోసినవాళ్ళ మెడ నిటారుగా ఉంటుంది. బర్నబాస్ దగ్గు వచ్చేముందు వీపు గుండ్రంగా చేసుకుంటాడు, పక్కవాళ్ళ ప్రార్థనకు అడ్డం కాకుండా. ఒక ముసలామె కొంగు జారితే వెనక కూర్చున్న కోడలు ఆమెకు తెలియకుండానే సర్దుతుంది. ఇన్నేళ్ళు ముందు కూర్చొని వీటిలో ఒక్కటీ చూడలేదని యేసమ్మకు తెలిసింది. అంత దూరం నుంచి గొర్రెపిల్ల మెడ మాత్రం కనబడదు. మనసుకు అది కొంత నెమ్మదిగానే ఉంది.

రెండు నెలల్లో ముప్పైతొమ్మిది వీపులు అయ్యాయి. మందులమ్మ ఒక్కతే మిగిలింది.

మందులమ్మ ముఖాన్ని ఆమె అందరికంటే ముందు గీసింది. చెయ్యి దానంతట అదే పోయింది. ఎడమ పక్కకు ఒరిగిన తల, గడ్డం మీద పుట్టుమచ్చకు ఒక నల్ల గడి. "ఈమెవరత్తా, మీ సొంత మనిషా?" అని అర్చన అడిగేదాకా ఆ ముఖం క్యాథరిన్‌దని తనకే తట్టలేదు. అర్చనకు "తెలిసినామె" అని చెప్పింది.

ముఖం వచ్చింది గానీ వీపు రాలేదు. కుట్టుగదికీ గుడికీ సంతకూ పదేళ్ళపాటు ఇద్దరూ కలిసే నడిచారు. పక్కపక్కన నడిచేవాళ్ళు ఒకరి వీపు ఒకరు చూడరు. చూడగలిగిన రోజు ఒక్కటే, ఆమె గడప దాటి వెళ్ళిపోయిన రోజు. ఆ రోజు యేసమ్మ తల ఎత్తలేదు.

బయ్యమ్మ వీపు గీసి పంపింది. రాజేంద్ర దాన్ని ఆటలో పెట్టి చూసి ఫోను చేశాడు.

"అంబలి పోసేది ఒకామె, దోవ సూపించేది ఇంకొకామె అయినట్టుండాదమ్మా."

అద్దానికి వీపు పెట్టి, చేతిలో ఇంకో అద్దం పట్టుకొని తన వీపే చూసి గీసింది. అదీ అతకలేదు. రాజేంద్ర ఆట ఆగకుండా ఉండడానికి ఆ చోట ఒక తెల్ల గడుల దిమ్మె పెట్టాడు. మునీశ్వరి ముందర తెల్లదిమ్మె ఊరి చివరిదాకా నడుస్తూ ఉంది. ఊళ్ళు ఏడు, మందులమ్మ ఏడుచోట్లా అదే మనిషి. ఆట ఆడేవాళ్ళు ఎక్కువసేపు చూసేది ఆమె వీపునే. చిన్న చిన్న ఆటలన్నీ ఒకచోట పెట్టి జనాన్ని ఆడమనే మేళా ఒకటి ఇంటర్నెట్‌లో జరగబోతోంది. నెలాఖరులోగా ఎండేరు అందులో పెట్టాలని అర్చన పేరు ఇచ్చేసింది.

"పోనీలే అత్తా, ఆమెను నడిపించొద్దు. దోవను ఒక బాణం గుర్తుతో సూపిద్దాం" అంది అర్చన.

"అంబలి పోసి ఊరికే పొమ్మంటే పాపం, బిడ్డ ఒంటరిగా పోవల్ల గదమ్మా."

"మరి ఈపు?"

"నేను సూసుకుంటాలే."

చూసుకోవడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అందుకే నాలుగు రోజులు ఊరుకుంది. ఐదోరోజు గుడిలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి, దీపాల గాజులు తుడుస్తున్న బర్నబాస్‌ను అడిగింది.

"అప్పా, కుప్పంలో క్యాథరిన్ యాడుంటాదో నీకు తెలుసా?"

"తెలుసు. యేటా ప్రార్థన కూటాలకు పోయినప్పుడు ఆ ఇంట్లోనే గదా నేను అన్నం తినేది."

"నాకెప్పుడూ సెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగినావమ్మా?" అని ఆయన గాజు కింద పెట్టి, పాత పాటల కాగితం వెనక వీధి పేరు రాసిచ్చాడు. "ఆమె మాత్రం యేటా అడగతాది, అక్క బాగుండాదా అని. బాగుండాదని సెప్తాను."

బయలుదేరే రోజు పొద్దున యేసమ్మ డబ్బా తెరిచి అన్ని గుండీలూ అయ్యాక ఆకుపచ్చది పట్టుకొని, "క్యాథరిన్" అంది. ఆ తరువాత ఏం అడగాలో తెలియలేదు. డబ్బా అడుగునుంచి గ్రాఫ్ కాగితం తీసి సంచిలో పెట్టుకుంది.

పుంగనూరులో అర్చన అదే బస్సెక్కింది. పలమనేరులో మారారు. కుప్పం బస్సు కదలబోతుంటే, మెట్టు ఎక్కలేక కమ్మీ పట్టుకున్న యేసమ్మను చూసి కండక్టరు డ్రైవరుకు విజిల్ ఊది ఆపించి, కిందికి దిగి, తన భుజం మీద చెయ్యి వేసుకొని ఎక్కమన్నాడు. లోపల ఒక మామిడికాయల గంపామె గంపను తన కాళ్ళ మీద పెట్టుకొని చోటిచ్చింది. బైరెడ్డిపల్లె దాకా ఆ బరువు అలాగే మోసి, దిగేటప్పుడు "కాళ్ళు సాపుకోమ్మా ఇంక" అని చెప్పి పోయింది.

కుప్పం బస్టాండులో రాజేంద్ర ఎదురుచూస్తున్నాడు. ఫోనులోనే గానీ అతన్ని ఆమె చూడడం అదే మొదలు. సన్నగా, ముప్పైకి లోపు ఉన్నాడు. ఇంటికి తీసుకుపోయి, వాళ్ళమ్మ పెట్టిన సంగటి తిన్నాక, కంప్యూటరు ముందర కూర్చోబెట్టి ఆట ఆడించాడు. యేసమ్మ మీట నొక్కితే మునీశ్వరి నడిచింది. తాను గీసిన వీపులు వీధుల్లో అటూ ఇటూ పోతున్నాయి. ఒక ఊరి గుడి మెట్ల మీద బర్నబాస్ వీపు ఉంది. రెండో ఊరికి పోయేసరికి తేలు కుట్టి సత్తువ అయిపోవచ్చింది. క్యాథరిన్ ముఖం అంబలి పోసింది. తరువాత తెల్లదిమ్మె లేచి ముందర నడిచింది.

"ఆపు నాయనా" అంది యేసమ్మ. "ఎండ తగ్గింది. పోయొస్తాను."

కాగితం మీద ఉన్న వీధి అక్కడికి దూరం కాదు. రెండు మలుపులు, ఒక కొళాయి, రేకుల వరండా ఇల్లు. అర్చనను కొళాయి దగ్గరే ఉండమని చెప్పి ఒంటరిగా వెళ్ళింది.

వరండాలో మిషను ముందు క్యాథరిన్ కూర్చొని దిండుగలీబులు కుడుతోంది. జుట్టు సగం నెరిసింది. తల ఇంకా ఎడమకే ఒరిగి ఉంది. అడుగుల చప్పుడుకు చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. లేవలేదు.

"వందనాలక్కా."

"వందనాలమ్మా."

"కూసో. బర్నబాసన్న బాగుండాడా?"

"బాగుండాడు. దగ్గుతాండాడు."

క్యాథరిన్ లోపలికి కేక వేసి నీళ్ళు తెమ్మనలేదు, లోపల ఎవరూ ఉన్నట్టు లేదు. పక్కనున్న చెంబు ఆమె వైపు జరిపింది. యేసమ్మ తాగింది. ఫోను తీసి మందులమ్మను చూపించింది. ఆట కథ చెప్పింది. క్యాథరిన్ బొమ్మను చూసింది. గడ్డం మీద పుట్టుమచ్చను ఒకసారి వేలితో తాకింది.

అప్పుడు యేసమ్మ సంచిలోంచి గ్రాఫ్ కాగితం తీసి మిషను బల్ల మీద పరిచింది. మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది.

"తప్పు నాది క్యాథరిన్. నీ సగం సరిగ్గా ఉండె. నాకు రెండోరోజే తెలిసింది. సెప్పలేదు."

క్యాథరిన్ గుండుసూది ఒకటి తీసుకొని, దాని మొనతో కాగితం నడిమి గడి మీదనుంచి ఎంచడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. గొర్రెపిల్ల మెడ దగ్గర ఆగి, ఒక వరస మీద సూది గుచ్చింది.

"ఈడ" అంది.

"ఊ."

"నాకు ఆ పొద్దే తెలుసు. నా సగం మూడుసార్లు ఎంచినా."

"మరి పెద్దమ్మ అడిగితే యాల మాట్లాడకపోతివి?"

"నువ్వు సెప్తావని సూస్తా ఉంటి." గుండుసూదిని మళ్ళీ సూదుల దిండులో గుచ్చింది. "పోయే రోజు కూడా గడప కాడ అందుకే నిలబడినా. నువ్వు దారం ఎక్కించుకుంటా ఉండావు."

యేసమ్మ తల వంచుకుంది. దేవుని ముందర నలభై మంది అవసరాలు చెప్పే నోటితోనే "నన్ను క్షమించమ్మా" అంది. అది చాలా చిన్న మాటగా వినబడింది.

క్యాథరిన్ కాగితాన్ని పాత మడతల్లోనే మడిచి, తిరిగి ఇవ్వకుండా మిషను సొరుగులో పెట్టుకుంది. కుడుతున్న గలీబు దారం పంటితో తెంపింది.

"పొద్దు పోతాండాది. పలమనేరు బస్సు ఐదున్నరకు. దోవ తెలుసు గదా నీకు?"

తెలియదని అంటే చాలు, దోవ చూపించడానికి ఆమే ముందర నడిచేది. యేసమ్మకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి లేచి నిలబడింది.

"తెలుసు. తెలిసే అడుగుతాండాను. ఒక్క సాయం చెయ్యి క్యాథరిన్. ఆ కొళాయి దాకా నా ముందర నడుస్తావా? నేను యెనక వస్తాను."